అయాన్లు పుట్టించడం సగం పనే

గాలిలో అయాన్లను పుట్టించడం పెద్ద కష్టమైన పని కాదు. మొన తేలిన ఒక లోహపు సూదికి కొన్ని వేల వోల్టుల విద్యుత్తు అందిస్తే, ఆ మొన చుట్టూ ఉన్న గాలి తన నిరోధక గుణాన్ని కోల్పోయి ఆవేశం గల కణాలను వెదజల్లడం మొదలుపెడుతుంది. చీకటిలో చూస్తే అక్కడ లేత ఊదారంగు వెలుగు కనిపిస్తుంది, దగ్గరగా నిలబడితే సన్నగా బుసకొట్టే శబ్దం వినిపిస్తుంది. ఇంజనీర్లు దీనిని కరోనా ఉత్సర్గం అంటారు. అసలు కష్టమంతా ఆ తరువాతే మొదలవుతుంది. ఆవేశం పుంజుకున్న ధూళి ఎక్కడికి వెళ్లాలి, వెళ్లినది అక్కడే ఎలా నిలవాలి, పేరుకున్న దానిని తిరిగి గాలిలో కలవనివ్వకుండా ఎలా తీసివేయాలి అన్న ప్రశ్నలకు జవాబు చెప్పిన యంత్రాలే ఈ రంగంలో నిలిచాయని, అయాన్లు పుట్టించడంతోనే ఆగిపోయినవి ఎక్కువగా ప్రకటనలకే పనికివచ్చాయని నా అభిప్రాయం.

బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రంలో పొగలోని బూడిదను విద్యుత్తుతో పట్టే ఈఎస్పీ (ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్) యంత్రాల నిర్వహణ విభాగంలో ఉద్యోగం చేసినవాడిని కనుక, కోవిడ్ నాటి నుంచి బంధుమిత్రులు “ఇంటికి అయనైజర్ కొనమంటారా?” అని నన్ను అడుగుతూనే ఉన్నారు. గదిలోని గాలిలోకి అయాన్లను వదిలే ఈ యంత్రం గురించి ఫోనులో అవుననో కాదనో ఒక్క మాటతో తేల్చడం సరికాదనిపించి, కొంత చరిత్ర, కొంత లెక్క, కొంత అనుభవం కలిపి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా యంత్రం లోపల జరిగేది చెబుతాను. సాధారణ పీడనం వద్ద గాలి సెంటీమీటరుకు సుమారు 30 వేల వోల్టుల విద్యుత్ క్షేత్రాన్ని మాత్రమే తట్టుకోగలదు. చదునైన పలకల మధ్య అంత క్షేత్రం రావాలంటే వోల్టేజి చాలా పెంచాలి గాని, సన్నని తీగ దగ్గరో సూదిమొన దగ్గరో క్షేత్రం గుమిగూడుతుంది కనుక కొద్దిపాటి వోల్టేజికే ఆ హద్దు దాటిపోతుంది. తీగ ఋణావేశంతో ఉంటే, అక్కడ విడుదలైన ఎలక్ట్రాన్లు దూరంగా జరుగుతూ ఆక్సిజన్ అణువులకు అంటుకుంటాయి, ఆ అణువుల చుట్టూ నీటి అణువులు చేరతాయి. ఇవే ప్రకటనల్లో కనిపించే ‘నెగటివ్ అయాన్లు’. ఇవి దారిలో ఎదురైన ధూళి కణాలకు తమ ఆవేశాన్ని అప్పగిస్తాయి. ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పెద్ద కణాలు విద్యుత్ క్షేత్రం బలంతో ఆవేశాన్ని గ్రహిస్తే, మరీ చిన్న కణాలు అయాన్లు అటూ ఇటూ తిరుగుతూ తగలడం వల్ల గ్రహిస్తాయి. ఈ రెండు పద్ధతులూ బలహీనంగా ఉండే మధ్య పరిమాణం, అంటే సుమారు 0.2 నుంచి 0.5 మైక్రాన్ల కణం, అన్నిటికంటే మొండిది. పొగలోనూ, మన ఊపిరితో వెలువడే సూక్ష్మ తుంపరల్లోనూ ఈ పరిమాణపు కణాలు ఉంటాయి.

ధూళిని విద్యుత్తుతో పట్టవచ్చునన్న సంగతిని 1824లోనే లైప్‌జిగ్ నగరంలో హోల్‌ఫెల్డ్ అనే గణిత ఉపాధ్యాయుడు చూపించాడు. పొగ నింపిన సీసాలో ఆవేశం గల తీగను ఉంచితే పొగ విడిపోయి గోడలకు చేరింది. ఆ ప్రయోగం పుస్తకాల్లో ఉండిపోయింది. అరవై ఏళ్ల తరువాత ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్ అదే విషయాన్ని మళ్లీ కనుగొని, ఉత్తర వేల్స్‌లోని బాగిల్ట్ అనే చోట సీసం కరిగించే కర్మాగారపు పొగను పట్టేందుకు 1885లో యంత్రం అమర్చాడు. అది విఫలమైంది. విద్యుత్తు కోసం ఆయన నమ్ముకున్న విమ్స్‌హర్స్ట్ యంత్రం, అంటే గాజు చక్రాలు తిప్పి స్థిరవిద్యుత్తును పుట్టించే సాధనం, కర్మాగారపు వాతావరణంలో నిలకడగా పనిచేయలేకపోయింది. దానికి తోడు సీసపు పొగ ధూళి విద్యుత్తును సులభంగా వదలని రకం. ఈ రెండో కారణాన్ని కొంచెం గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను, ఎందుకంటే మన బొగ్గు బూడిద విషయంలోనూ ఇదే ఎదురవుతుంది.

పనిచేసే యంత్రాన్ని తయారుచేసిన ఘనత కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధించిన ఫ్రెడరిక్ కాట్రెల్‌ది. ఆయన మొదట తలపెట్టినది గాలిని శుభ్రపరచడం కూడా కాదు. సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారీలో పొగమంచులాగా తేలుతూ చేజారిపోయే ఆమ్లపు తుంపరను పట్టుకోవడం ఆయన సమస్య. హై వోల్టేజి ట్రాన్స్‌ఫార్మర్‌కు తిరిగే యాంత్రిక రెక్టిఫయర్‌ను జతచేసి, విమ్స్‌హర్స్ట్ చక్రాల అవసరం లేకుండా ఏకదిశ విద్యుత్తును ధారాళంగా రాబట్టాడు. ఒక సాయంత్రం ప్రయోగశాల మసకబారినప్పుడు, నూలు చుట్టిన తీగపై ప్రతి నూలుపోగు కొసనా సన్నని వెలుగు కనిపించడంతో, నున్నని తీగ కంటే నూగు గల తీగ నుంచే ఉత్సర్గం సమంగా వెలువడుతుందని గ్రహించాడు. 1907లో దరఖాస్తు చేసుకున్న పేటెంటు 1908 ఆగస్టులో మంజూరైంది. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డున లోహం కరిగించే సెల్బీ స్మెల్టరు పొగ మీద, తరువాత దక్షిణ కాలిఫోర్నియాలో నారింజ తోటలపై దుమ్ము కురిపిస్తున్న సిమెంటు కర్మాగారం మీద ఈ యంత్రం తన సత్తా నిరూపించుకున్నది. పేటెంటు ఆదాయాన్ని సొంతానికి ఉంచుకోకుండా 1912లో రీసెర్చ్ కార్పొరేషన్ అనే సంస్థను స్థాపించి విజ్ఞాన పరిశోధనకు అప్పగించిన అరుదైన మనిషి ఆయన. పరమాణు కణాలను వేగంగా పరుగెత్తించే లారెన్స్ సైక్లోట్రాన్‌కూ, గాడర్డ్ రాకెట్లకూ ఆ సొమ్ములో కొంత అందింది. పొగగొట్టాల ధూళి నుంచి వచ్చిన డబ్బు అణుకేంద్ర పరిశోధనకు చేరడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

కాట్రెల్ యంత్రంలో తీగతో పాటు దానికి ఎదురుగా భూమికి కలిపిన పలక ఉంది, పలకను దులిపే ఏర్పాటు ఉంది, దులిపినది పడేందుకు కింద హాపర్ ఉంది. నేటి విద్యుత్ కేంద్రంలో ఇదే నిర్మాణం కొన్ని అంతస్తుల భవనమంత ఎత్తున నిలబడి ఉంటుంది. వేలాడే ఉక్కు పలకల వరుసలు, వాటి మధ్య ఋణావేశపు తీగలు, ఒకదాని వెనుక ఒకటిగా అమర్చిన ‘ఫీల్డులు’, ప్రతి ఫీల్డుకూ ఒక ట్రాన్స్‌ఫార్మర్ రెక్టిఫయర్. తమిళనాడులోని రాణిపేటలో బీహెచ్‌ఈఎల్ కర్మాగారం వీటిని దేశమంతటికీ తయారుచేస్తుంది.

దీని సామర్థ్యాన్ని లెక్కకట్టే సూత్రాన్ని 1922లో డాయిచ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇచ్చాడు. కణం పలక వైపు కదిలే వేగాన్ని పలకల మొత్తం వైశాల్యంతో గుణించి, సెకనుకు వచ్చే వాయువు పరిమాణంతో భాగిస్తే ఒక సంఖ్య వస్తుంది. ఆ సంఖ్య 1 అయితే 63 శాతం ధూళి చిక్కుతుంది, 2.3 అయితే 90 శాతం, 4.6 అయితే 99 శాతం, 6.9 అయితే 99.9 శాతం. తొంభై శాతం నుంచి తొంభై తొమ్మిదికి చేరడానికి పలకల వైశాల్యం రెట్టింపు కావాలి, అక్కడి నుంచి 99.9కి చేరడానికి మరో సగం కలపాలి. వంద శాతం ఎన్నటికీ రాదు. ఈ చిన్న లెక్కను మనసులో ఉంచుకుంటే, గదుల్లో పెట్టుకునే యంత్రాల డబ్బాల మీద ముద్రించే ‘99.9 శాతం’ అనే మాటను ఎలా చదవాలో కూడా తెలుస్తుంది. ఆ సంగతికి తరువాత వస్తాను.

మన బొగ్గులో బూడిద 35 నుంచి 40 శాతం వరకు ఉంటుంది. 500 మెగావాట్ల యూనిట్ పూర్తి భారంతో నడిస్తే గంటకు 300 టన్నుల పైచిలుకు బొగ్గు మండుతుంది. అంటే గంటకు వంద టన్నులకు పైగా బూడిద పుడుతుంది, అందులో దాదాపు ఐదింట నాలుగు వంతులు పొగతో కలిసి ఈఎస్పీ వైపు వస్తుంది. 99.9 శాతం పట్టినా గంటకు ఎనభై తొంభై కిలోలు పొగగొట్టం నుంచి బయటికి పోతుందన్నమాట. కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబరులో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం 2003 చివరిలోపు నెలకొల్పిన యూనిట్లకు ఘనమీటరుకు 100 మిల్లీగ్రాములు, 2004 నుంచి 2016 వరకు వచ్చిన వాటికి 50, 2017 జనవరి తరువాతి వాటికి 30 మిల్లీగ్రాములు హద్దు. రామగుండం, కొత్తగూడెం, విజయవాడ, ముద్దనూరు ప్రాంతాల్లో థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల బతికేవారికి ఈ అంకెల విలువ వేరే చెప్పనక్కరలేదు.

మన బొగ్గులో గంధకం తక్కువ. ఇది ఆమ్లవర్షాల దృష్ట్యా మేలే గాని ఈఎస్పీకి కీడు. పొగలో సల్ఫర్ ట్రయాక్సైడ్ కొద్దిగా ఉంటే అది బూడిద రేణువుల మీద పలుచని తేమపొరలాగా చేరి విద్యుత్తును ప్రవహించనిస్తుంది. అది లేనందున మన బూడిద విద్యుత్ నిరోధం విపరీతంగా పెరిగి, పది వేల కోట్ల ఓమ్-సెంటీమీటర్ల హద్దును దాటిపోతుంది. అప్పుడు పలకకు చేరిన బూడిద తన ఆవేశాన్ని పలకకు అప్పగించకుండా పట్టుకుని కూర్చుంటుంది. పొర మందంలో క్షేత్రం పెరిగిపెరిగి చివరికి ఆ పొరలోనే ఉత్సర్గం మొదలై, ధనావేశపు అయాన్లు వెనక్కి పుట్టుకొస్తాయి. దీనిని బ్యాక్ కరోనా అంటారు. కంట్రోల్ గదిలో మీటరు చూస్తే కరెంటు ఎక్కువగానే కనిపిస్తుంది, కొత్తగా వచ్చిన ఇంజనీరు ఫీల్డు బ్రహ్మాండంగా నడుస్తోందని అనుకుంటాడు, బయట పొగగొట్టం మాత్రం నల్లగా ఊదుతూ ఉంటుంది. ఇలాంటప్పుడు కరెంటు పెంచితే పరిస్థితి మరింత దిగజారుతుంది. విద్యుత్తును ఆపి ఆపి ఇవ్వడం, పొగలో కొద్దిగా అమ్మోనియానో సల్ఫర్ ట్రయాక్సైడ్‌నో కలపడం వంటి ఉపాయాలు దీనికోసమే పుట్టాయి. అయాన్లు పుష్కలంగా ఉండి కూడా ధూళి చిక్కకపోవడాన్ని ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ మరొకటి నాకు తెలియదు.

మా రోజువారీ పనిలో అధిక భాగం కూడా రెండో సగానికి సంబంధించినదే. పలకలను కొట్టే సుత్తులు సమయానికి పడుతున్నాయా, అన్నీ ఒకేసారి పడి బూడిదను మేఘంలాగా లేపుతున్నాయా అన్నది చూసుకోవాలి. చివరి ఫీల్డులో సుత్తి పడిన ప్రతిసారీ కొంత బూడిద నేరుగా పొగగొట్టంలోకి పోతుంది కనుక అక్కడ వ్యవధి ఎక్కువ ఉంచాలి. హాపర్ ఖాళీ కాకపోతే బూడిద పైకి పేరుకుని తీగలకు తగిలి ఫీల్డు ట్రిప్ అవుతుంది. తీగల చట్రాన్ని మోసే పింగాణీ ఇన్సులేటర్లను వేడిగా ఉంచే హీటరు పాడైతే తేమ పట్టి అవి పగులుతాయి. అయాన్ల గురించి మేము మాట్లాడుకున్న సందర్భాలు నిజానికి చాలా తక్కువ.

ఇదే యంత్రాన్ని ఇళ్లకూ కార్యాలయాలకూ తీసుకురావడంలో ఒక చిక్కు ఉంది, దాని పేరు ఓజోన్. ఉత్సర్గంలో ఆక్సిజన్ అణువులు విడిపోయి, విడి పరమాణువు మరో ఆక్సిజన్ అణువుతో కలిసి ఓజోన్ ఏర్పడుతుంది. పొగగొట్టం విషయంలో దీనిని ఎవరూ లెక్కచేయరు, పడకగదిలో మాత్రం ఊపిరితిత్తులకు హాని. అమెరికాలోని వెస్టింగ్‌హౌస్ సంస్థలో గేలార్డ్ పెన్నీ 1930లలో దీనికి చక్కని పరిష్కారం కనిపెట్టాడు. ధూళికి ఆవేశమిచ్చే భాగాన్నీ, పట్టుకునే భాగాన్నీ వేరు చేశాడు. మొదటి భాగంలో చాలా సన్నని తీగను, ఋణావేశానికి బదులు ధనావేశంతో నడిపాడు. ధనావేశపు ఉత్సర్గంలో ఓజోన్ చాలా తక్కువగా పుడుతుంది. రెండో భాగంలో దగ్గరదగ్గరగా పేర్చిన పలకల మధ్య ఉత్సర్గం లేకుండా క్షేత్రం మాత్రమే ఉంచి ధూళిని రాబట్టాడు. మంచి రకం గృహోపకరణాలు నేటికీ ఈ రెండంచెల నమూనానే అనుసరిస్తున్నాయి. పలకలను నెలకో రెండు నెలలకో సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెట్టాలి. చాలామంది కడగరు, కడగని యంత్రం కొద్ది వారాలకే ఉత్త ఫ్యానుగా మిగులుతుంది.

ఈ ఇంజనీరింగు చరిత్రకు సమాంతరంగా మరో పాయ నడిచింది. జలపాతాల దగ్గర గాలి ఋణావేశంతో ఉంటుందని 1892లో ఫిలిప్ లెనార్డ్ వివరించాడు. సహజమైన గాలిలో ఎప్పుడూ అయాన్లు ఉంటాయని 1899 ప్రాంతంలో ఎల్‌స్టర్, గైటెల్ అనే ఇద్దరు జర్మన్ ఉపాధ్యాయులు చూపారు. సోవియట్ దేశంలో అలెగ్జాండర్ చిజెవ్‌స్కీ, ఋణ అయాన్లు ప్రాణులకు మేలు చేస్తాయన్న నమ్మకంతో ఎలుకల మీద, కోళ్ల మీద ప్రయోగాలు సాగించి, పైకప్పుకు వేలాడదీసే సూదుల చట్రాన్ని తయారుచేశాడు. దానిని ఇప్పటికీ చిజెవ్‌స్కీ షాండ్లియర్ అంటారు. ఆయనను 1942లో అరెస్టు చేసి శిబిరాలకు పంపారు. 1950ల చివరి నుంచి బర్క్‌లీలో ఆల్బర్ట్ క్రూగర్ అయాన్లకూ శరీరంలోని సెరోటోనిన్ అనే రసాయనానికీ సంబంధం ఉందని రాశాడు. వీరందరి నిజాయితీని నేను శంకించను, కానీ వీరి ఫలితాలను ఆసరా చేసుకుని వచ్చిన వ్యాపారం ఉబ్బసం నుంచి నిద్రలేమి వరకు అన్నిటినీ నయం చేస్తానన్నది. పలకతో పని లేకుండా పోయింది, సూది ఒక్కటే మిగిలింది.

పలక లేని అయనైజర్‌ను గదిలో పెడితే ఏమవుతుంది? ధూళికి ఆవేశం వస్తుంది, అది దగ్గరలోని గోడకో కర్టెన్‌కో టీవీ తెరకో అంటుకుంటుంది. గదిలోని గాలిలో ధూళి కొంత తగ్గిన మాట వాస్తవమే. కానీ ఇది ఇల్లు ఊడ్చి చెత్తను మంచం కిందికి తోసినట్టే. యంత్రం వెనుక గోడ కొన్ని వారాలకు నల్లబడుతుంది, గోడ తుడిచినప్పుడో కర్టెన్ దులిపినప్పుడో అదంతా మళ్లీ లేస్తుంది. ఆవేశం గల కణాలు శ్వాసనాళాల గోడలకు కూడా మరింత సులభంగా అంటుకుంటాయి.

అమెరికాలో షార్పర్ ఇమేజ్ అనే సంస్థ అమ్మిన అయానిక్ బ్రీజ్ యంత్రానికి పలకలు ఉన్నాయి గాని ఫ్యాను లేదు. అయాన్ల కదలికతో పుట్టే మందమైన గాలి ప్రవాహమే దానికి ఆధారం కనుక, గదిలోని గాలి దాని గుండా వెళ్లడమే తక్కువ. కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక దానికి చాలా తక్కువ మార్కులు ఇచ్చినందుకు ఆ సంస్థ 2003లో దావా వేసింది, 2004లో కోర్టు దానిని కొట్టివేసింది. 2005లో అదే పత్రిక ఇటువంటి యంత్రాల ఓజోన్ సంగతి బయటపెట్టింది. 2008లో సంస్థ దివాలా తీసింది. కాలిఫోర్నియా ప్రభుత్వం గృహోపకరణాల నుంచి వెలువడే ఓజోన్‌కు 0.05 పీపీఎమ్ (పది లక్షల పాళ్ల గాలిలో 0.05 పాలు) హద్దు విధించి 2010 నుంచి అమలు చేస్తోంది. మన దేశంలో బయటి గాలికి 2009లో నిర్ణయించిన ఎనిమిది గంటల ఓజోన్ హద్దు ఘనమీటరుకు 100 మైక్రోగ్రాములు, అంటే ఇంచుమించు అదే పరిమాణం. బయటి గాలికి పనికిరాని దానిని పడకగదిలో డబ్బిచ్చి పుట్టించుకోవడం అర్థంలేని పని.

ఇక కోవిడ్ కాలం. 2020లో లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో, పుణేలో తయారైన ఒక ఋణ అయాన్ యంత్రానికి కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం తోడ్పాటునిచ్చింది. ఎనిమిది సెకన్లలో సుమారు పది కోట్ల అయాన్లను అది విడుదల చేస్తుందని ప్రకటనలో ఉంది. పది కోట్లు అనగానే కళ్లు తిరుగుతాయి. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గల గదిలో సుమారు 40 ఘనమీటర్ల గాలి, అంటే నాలుగు కోట్ల ఘన సెంటీమీటర్లు ఉంటుంది. పది కోట్ల అయాన్లను ఎనిమిది సెకన్లకూ ఆ నాలుగు కోట్లకూ పంచితే, సెకనుకు ఘన సెంటీమీటరుకు ఒక అయాన్‌లో మూడో వంతు కూడా రాదు. భూమిలోని రేడియోధార్మికత వల్లా, అంతరిక్ష కిరణాల వల్లా నేల దగ్గరి గాలిలో సహజంగానే సెకనుకు ఘన సెంటీమీటరుకు పది అయాన్ జతల వరకు పుడుతూనే ఉంటాయి. సూది నుంచి ఒక్క మైక్రో ఆంపియరు కరెంటు వెలువడినా సెకనుకు ఆరు లక్షల కోట్ల అయాన్లు అవుతాయి కనుక, ఆ ప్రకటనలోని అంకె వెనుక మరేదో కొలత దాగి ఉండవచ్చు. ఏదైనా, అయాన్ల సంఖ్యను చూసి యంత్రాన్ని ఎంచుకోవడం ఎందుకు వ్యర్థమో చెప్పడానికి ఈ లెక్క చాలు.

డబ్బాల మీద ఉండే ‘గంటలో 99 శాతం క్రిములు నాశనం’ అనే మాటకు కూడా డాయిచ్ లెక్కనే వర్తింపజేయవచ్చు. పరీక్ష ఒక ఘనమీటరు పెట్టెలో జరిగిందనుకుందాం. గంటలో 99 శాతం తగ్గడమంటే 4.6 అనే సంఖ్య, అంటే ఆ యంత్రం గంటకు 4.6 ఘనమీటర్ల శుభ్రమైన గాలిని ఇచ్చినట్టు. అదే యంత్రాన్ని మన నలభై ఘనమీటర్ల గదిలో పెడితే, గంటకు గది గాలిలో పదో వంతును కాస్త మించి శుభ్రమవుతుంది. కిటికీ ఓరగా తెరిచినా అంతకంటే ఎక్కువ గాలి మారుతుంది. అమెరికాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2023లో ఇచ్చిన సూచన గంటకు ఐదు సార్లు గాలి మారడం. ఆ గదికి గంటకు 200 ఘనమీటర్ల శుభ్రమైన గాలి కావాలి. పెట్టెలోని పరీక్ష అబద్ధం కాదు, పెట్టె పరిమాణం చెప్పకపోవడమే మోసం. 2021లో ద్విధ్రువ అయనైజర్లను, అంటే ధన, ఋణ అయాన్లు రెండింటినీ వదిలే యంత్రాలను, పరీక్షగదిలోనూ, అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో ఒక కార్యాలయ భవనంలోనూ పరీక్షించిన పరిశోధకులకు ధూళిలో చెప్పుకోదగిన తగ్గుదల కనిపించలేదు. కొన్ని సేంద్రియ వాయువులు తగ్గగా, అసిటోన్, టోలుయీన్ వంటివి పెరిగాయి.

అయితే అయనైజర్లకు అనుకూలమైన సాక్ష్యం లేదని చెప్పడం కూడా సరికాదు. 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. పెరూ రాజధాని లీమాలో హెచ్‌ఐవీ, క్షయ రెండూ ఉన్న రోగుల ఎనిమిది పడకల వార్డు నుంచి వెలువడే గాలిని, సంవత్సరం పైబడి, గినీ పందులున్న గదుల్లోకి మళ్లించారు. ఏ రక్షణా లేని గుంపులో 35 శాతం జంతువులకు క్షయ సోకింది. శక్తిమంతమైన ఋణ అయనైజర్ల రక్షణలో ఉన్న గుంపులో 14 శాతానికి, వార్డు పైభాగంలో అతినీలలోహిత దీపాలు వెలిగించిన రోజుల గాలి మాత్రమే పీల్చిన గుంపులో 9.5 శాతానికి సోకింది. అంటే తగినంత బలమైన యంత్రాన్ని, గోడలకు మురికి అంటినా ఫరవాలేని చోట, రోగక్రిమిని మనిషి ఊపిరి నుంచి తప్పించే ఒక్క ఉద్దేశంతో వాడితే ప్రయోజనం ఉంది. బల్ల మీద పెట్టుకునే బొమ్మకు ఈ ఫలితాన్ని అంటగట్టకూడదు.

అదే అధ్యయనంలో మొదటి స్థానం దక్కించుకున్న అతినీలలోహిత కాంతి నిజానికి పాత ఆవిష్కరణే. గాలిలో తేలే సూక్ష్మ తుంపరల ద్వారా రోగాలు వ్యాపిస్తాయని 1930లలో వాదించిన విలియం వెల్స్, ఫిలడెల్ఫియాలో పాఠశాల తరగతి గదుల పైభాగంలో ఈ దీపాలు అమర్చి పొంగు (మీజిల్స్) వ్యాప్తి తగ్గిందని చూపాడు. 1950ల చివర బాల్టిమోర్‌లో రిచర్డ్ రైలీ క్షయ వార్డు గాలితో గినీ పందుల ప్రయోగం చేశాడు. ఇందులో ‘మిగిలిన సగం’ సమస్య లేదు. 254 నానోమీటర్ల కాంతి క్రిమి జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తుంది, క్రిమి గాలిలోనే ఉండిపోయినా హాని చేయలేదు. ఇబ్బంది మరోచోట ఉంది: కాంతి పడని చోట ఏమీ జరగదు, కాంతి మనుషుల కళ్ల మీద, చర్మం మీద పడకూడదు.

2020లో హైదరాబాదులో జరిగిన ప్రయత్నాలు ఈ ఇబ్బంది చుట్టూనే తిరిగాయి. డీఆర్‌డీఓకు చెందిన రీసెర్చ్ సెంటర్ ఇమారత్, ఫోన్లు, పాస్‌బుక్కులు, నోట్లు వంటివి చేతితో తాకకుండా లోపల పెట్టి శుద్ధి చేసే డ్రవ్స్ అనే పెట్టెను తయారుచేసింది. వస్తువు చుట్టూ అన్ని వైపులా కాంతి పడేటట్టు చేయడం అందులోని కిటుకు. కొత్త పదార్థాల పరిశోధనా సంస్థ ఏఆర్‌సీఐ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, మేకిన్స్ సంస్థ కలిసి ఆసుపత్రి గదుల కోసం తోపుడు బండి వంటి సాధనం చేశాయి. దానికి మూడు వైపులా రెండేసి దీపాలు, నేల కోసం అడుగున చిన్న దీపాలు ఉంటాయి. ఇవన్నీ మనుషులు లేని వేళ ఉపరితలాలను శుద్ధి చేసేవే. జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు హైదరాబాదు, మొహాలీ ఆసుపత్రుల గాలి నుంచి వైరస్ జన్యుపదార్థాన్ని సేకరించి చూపాక, నోట్ల కట్టల కంటే గదిలోని గాలే పెద్ద సమస్య అన్న సంగతి తేటపడింది. దానికి మనుషులు కూర్చుని ఉండగానే పనిచేసే ఏర్పాటు కావాలి.

మొన్నీమధ్య మా మేనల్లుడు తన క్లినిక్‌లో రోగులు వేచి ఉండే గదికి ఏం పెట్టాలని అడిగాడు. ఒకవైపు ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి ఎదురుగా గాలి లోపలికి వచ్చే దారి తెరవమన్నాను. తరువాత హెపా ఫిల్టరు గల యంత్రాన్ని, డబ్బా మీది శాతాలు చూడకుండా, గంటకు ఇచ్చే శుభ్రమైన గాలి పరిమాణం చూసి కొనమన్నాను, ఆ యంత్రంలో అయాన్ బొత్తాము ఉంటే ఆపివేయమన్నాను. హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల కణాలను, అంటే పైన చెప్పిన మొండి పరిమాణాన్నే, 99.97 శాతం పట్టాలన్నది దాని నిర్వచనం. అంతకంటే చవకగా కావాలంటే, 2020లో అమెరికాలో రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంతాల్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఉంది. నాలుగైదు ఫిల్టర్లను పెట్టెలాగా అతికించి పైన టేబుల్ ఫ్యాను వంటిది బిగించడమే. చూడటానికి నాజూకుగా ఉండదు గాని గాలిని బాగా లాగుతుంది.

పైకప్పు బాగా ఎత్తుగా ఉండి, క్షయ అనుమానితులు వచ్చే చోటైతే అతినీలలోహిత దీపాలను తల ఎత్తుకు బాగా పైన, కాంతి కిందికి జారకుండా తెరలున్న బిగింపుల్లో, తెలిసినవారి చేత పెట్టించాలి. ఆ దీపాల ఆయువు సుమారు 9 వేల గంటలు, అంటే రాత్రింబవళ్లు వెలిగిస్తే సంవత్సరం. ఆ తరువాత కూడా నీలి వెలుగు కనిపిస్తూనే ఉంటుంది గాని క్రిములను చంపే కిరణం క్షీణించి ఉంటుంది. అందువల్ల దీపం మార్చిన తేదీని బిగింపు మీదనే చెరగని సిరాతో రాసి పెట్టమని చెప్పాను.